లైనింగు వెనక నకిలీ

హ్యాండ్‌బ్యాగు మూతను టక్కున పట్టేసే మాగ్నెట్ బటన్‌ను చూసి బ్యాగు కొనేవారు ఉండరు. అది రెండు ముక్కలు, ఒక్కో ముక్కకు వెనక రెండేసి రేకు కాళ్లు. గుడ్డకు గాట్లు పెట్టి కాళ్లు దూర్చి, వాషరు వేసి మడిచేస్తారు. ఆపైన లైనింగు కుట్టేశాక వెనకభాగం ఎవరి కంటా పడదు. నకిలీ దాక్కోవడానికి ఇంతకన్నా మంచి చోటేది? అమెరికాలో ఈ బటన్లు అమ్మే రోమాగ్, బ్యాగులు అమ్మే ఫాసిల్ కంపెనీల మధ్య పదేళ్లపాటు సాగి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ట్రేడ్‌మార్క్ తగాదా ఈ బటన్ మీదే.

తన బ్యాగులకు రోమాగ్ బటన్లు వాడతానని ఫాసిల్ 2002లో ఒప్పందం చేసుకుంది. కుట్టేది మాత్రం చైనా ఫ్యాక్టరీలు. అక్కడ రోమాగ్ పేరుతో నకిలీలు పడుతున్నాయని, ఫాసిల్ పట్టించుకోవడం లేదని 2010లో రోమాగ్ దావా వేసింది. ఫాసిల్ ఎదుటివారి హక్కును బొత్తిగా లెక్కచేయలేదు గానీ కావాలని చేయలేదు అని 2014లో జ్యూరీ తేల్చింది. లాభాల్లోంచి 67 లక్షల డాలర్లు ఇప్పించవచ్చని కూడా చెప్పింది. 'కావాలని' అన్నది రుజువు కాలేదంటూ జడ్జి ఆ లాభాలు ఇవ్వనన్నారు.

2020 ఏప్రిల్ 23న సుప్రీంకోర్టు ఆ అడ్డు తీసేసింది. పేరున్న మార్కు విలువను పలచబరిచిన కేసుల్లో ఉద్దేశం ఉండాలని అమెరికా ట్రేడ్‌మార్క్ చట్టమైన లాన్‌హామ్ చట్టమే అంటోంది, ఇలాంటి కేసుల్లో అనలేదు. చట్టంలో లేని మాటను మేం చేర్చలేం అన్నది జస్టిస్ గోర్సచ్ రాసిన తీర్పు సారం. ఉద్దేశాన్ని తూకంలో వేయవచ్చు, అది లేకపోతే తలుపు మూసేయకూడదు.

ఇది సరైన తీర్పు. ఉద్దేశం రుజువైతేనే లాభాలు కక్కాలంటే, లైనింగు విప్పి చూడని కంపెనీకే మేలు. ఫ్యాక్టరీకి బ్యాగుకు ఇంత అని ధర ముందే ఖాయం. మిగిలేదేమైనా బటన్లలో, జిప్పుల్లోనే మిగలాలి. అసలు సరుకు అయిపోయి షిప్‌మెంటు తేదీ నెత్తిమీదికొస్తే పక్క బజారు సరుకు పడుతుంది.

పట్టుకోవడం కష్టమేమీ కాదు, కావలసింది కూడికా తీసివేతా. 10,000 బ్యాగులు కుట్టిన ఫ్యాక్టరీ లైసెన్సు ఉన్న సరఫరాదారు దగ్గర 2,000 సెట్లే కొన్నట్టు బిల్లులుంటే మిగతా 8,000 ఎక్కడివని అడగాలి. అంతకన్నా మేలు, బటన్లను బ్రాండే కొని, తరుగు కలిపి లెక్కపెట్టి పంపడం. తనిఖీ లైనింగు మూయకముందే జరగాలి. పూర్తయిన ప్రతి లాటులోనూ ఒక బ్యాగు విప్పి చూడాలి. ఈ పని ఖర్చని మూలిగే బ్రాండ్లే తమ పేరు ఇంకొకరు వాడితే మర్నాడే లాయరు నోటీసు పంపిస్తాయి.

హక్కుదారుకూ ఒక మాట. ట్రేడ్‌మార్క్ నమోదు వస్తువుల తరగతిని బట్టి ఉంటుంది: బ్యాగులు 18, నగలూ గడియారాలూ 14, బటన్లూ హుక్కులూ 26. బ్యాగుకు తీసుకున్న నమోదు కొక్కేనికి దానంతటది వర్తించదు. నకిలీ కంటపడ్డాక ఆగడమూ తప్పే. సంగతి మే నెలలోనే తెలిసినా రోమాగ్ నవంబరులో, థాంక్స్‌గివింగ్ అమ్మకాలకు సరిగ్గా ముందు కోర్టుకెక్కింది. ఆ జాప్యానికి, ఇదే దావాలో పేటెంట్ ఉల్లంఘన కింద రావాల్సిన పరిహారంలో కింది కోర్టు 18 శాతం కోత పెట్టింది, ఆ కోత పైకోర్టులో తర్వాత నిలవకపోయినా.