కార్టూన్లో దయ్యం సరే, సిరి మాటేంటి?

2025 నవంబర్‌లో ఇంగ్లండ్‌లోని పూల్ పట్టణంలో ఒక చర్చి స్కూలు తల్లిదండ్రులకు కబురు పెట్టింది. 'కేపాప్ డెమన్ హంటర్స్' పాటలు పిల్లలు బడిలో పాడకుండా చూడండి, అందులో దయ్యాల మాటలు కొందరు క్రైస్తవులకు ఇబ్బందిగా ఉన్నాయి అని. అక్కడ చదివేది నాలుగు నుంచి ఏడేళ్ల పసివాళ్లు. ఆ ఏడాది జూన్‌లో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చిన ఆ యానిమేషన్ సినిమా పాటలు అప్పటికే ప్రపంచంలో సగం మంది పిల్లల నోళ్లలో నానుతున్నాయి. కొందరు తల్లిదండ్రులు ఇదేం చోద్యం అన్నారు, మరికొందరు మంచి పని చేశారన్నారు. చివరికి బడివాళ్లు, సినిమా చూడటం తప్పని మేం అనట్లేదు, ఎదుటివాళ్ల నమ్మకాన్ని కాస్త దృష్టిలో పెట్టుకోమంటున్నాం అని సర్దిచెప్పుకోవాల్సి వచ్చింది.

ఈ గొడవ విని నవ్వేసేవాళ్లతో మేం ఏకీభవించం. పిల్లల కథలు పిల్లల మనసుల్ని మలుస్తాయన్న మాట అక్షరాలా నిజం, అది కాదంటే మనం పిల్లలకు రాత్రిపూట కథలు చెప్పడమే దండగ. పైగా సాటి విశ్వాసి మనస్సాక్షిని గౌరవించమనడం కొత్త సంగతేం కాదు. విగ్రహాలకు అర్పించిన మాంసం తినొచ్చా అని కొరింథు సంఘం కొట్టుకుంటుంటే, తింటే తప్పు లేదు గానీ నీ స్వేచ్ఛ బలహీనుడికి అడ్డంకి కాకూడదని పౌలు రాశాడు. పండగ రోజు పక్కింటి నుంచి వచ్చిన ప్రసాదాన్ని ఏం చేయాలన్న ప్రశ్న తెలుగు క్రైస్తవ ఇళ్లకు కొత్త కాదు కాబట్టి ఇది మనకు విడమరిచి చెప్పక్కర్లేదు.

అయితే దయ్యం అన్న మాట వినబడగానే ఉలిక్కిపడినవాళ్లలో ఎంతమంది ఆ సినిమా కూర్చుని చూశారన్నది మా అనుమానం. అందులో దయ్యాలు హీరోలు కావు, ముగ్గురు పాటగత్తెలు వాటితో పోరాడతారు. వాళ్లలో రూమీ అనే అమ్మాయి ఒంట్లో సగం దయ్యపు రక్తం ఉంది, ఒంటిమీద ఆ గుర్తులు ఎవరికీ కనబడకుండా దాచుకుంటూ ప్రాణస్నేహితుల దగ్గర కూడా అబద్ధమాడుతూ బతుకుతుంది. దయ్యాల రాజు పని తీరు గమనించండి. కత్తి పట్టుకుని మీదికి రాడు, నువ్వు పనికిరానివాడివి, నీ తప్పు ఎప్పటికీ పోదు అని చెవిలో గుసగుసలాడతాడు. ప్రకటన గ్రంథంలో 'సహోదరులమీద నేరము మోపువాడు' అని అపవాదికి పేరు పెట్టిన సంఘం, వాణ్ని తెరమీద ఇంత చక్కగా గీస్తే పోల్చుకోలేకపోవడం ఏంటి?

దీనికి ఎదురువాదన ఉంది, గట్టి వాదనే. రూమీకి విడుదల దేవుని కృప వల్ల రాలేదు కదా, నన్ను నేను ఉన్నట్టుగా ఒప్పుకుంటే చాలు అన్న చోటికి కథ వెళ్లి ఆగిపోతుంది కదా, కొరియా వాళ్ల భూతవైద్యపు నమ్మకాల్లోంచి వచ్చిన కథను మా పిల్లలకు పాఠంగా ఎందుకు పెట్టాలి అని అడిగే క్రైస్తవులున్నారు. ఇది కథ చూసి, కథ అర్థం చేసుకుని చేసే విమర్శ. దీనితో ఒప్పుకోకపోయినా కూర్చుని మాట్లాడొచ్చు. 'డెమన్' అని పేరులో ఉంది కాబట్టి వద్దు అనే దానితో మాట్లాడటానికి ఏముంటుంది?

ఈ మాటల వేట అమెరికాలో నలభై ఏళ్లుగా నడుస్తోంది. 1986లో ఫిల్ ఫిలిప్స్ అనే ప్రచారకుడు పిల్లల బొమ్మలు, కార్టూన్ల మీద ఏకంగా ఒక పుస్తకమే రాసి చర్చిల్లో సంచలనం రేపాడు. కార్టూన్‌లోని నీలిరంగు మరుగుజ్జులు స్మర్ఫులు మంత్రాలు చదువుతున్నాయన్నాడు. వాటి శత్రువు గార్గమెల్ పెంచుకునే పిల్లి పేరు అజ్రాయెల్, అది మరణదూత పేరు కాబట్టి అదో నేరం (ఆ పిల్లి ఎప్పుడూ గెలవదన్న సంగతి ఎవరికీ పట్టలేదు). కార్టూన్ వీరుడు హీమ్యాన్‌ను 'విశ్వానికి అధిపతి' అనడం దేవుణ్ని ధిక్కరించడమే అన్నారు.

హీమ్యాన్ దగ్గర కాసేపు ఆగాలి. మాటెల్ కంపెనీ ముందు బొమ్మ తయారుచేసింది, 1982లో. ఆ బొమ్మ అమ్ముకోవడానికి 1983లో కార్టూన్ వచ్చింది. మరుసటి ఏడాది అమెరికా సమాచార కమిషన్ పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనల సమయం మీద ఉన్న పరిమితులు ఎత్తేసింది, ఇక చూసుకోండి, అరగంట కార్టూన్ అంటే అరగంట ప్రకటనే. మళ్లీ పరిమితి పెట్టడానికి 1990లో చట్టం చేయాల్సి వచ్చింది. అప్పటిదాకా దీని మీద పోరాడింది ఎక్కువగా బోస్టన్ దగ్గర మొదలైన ఒక తల్లుల సంఘం. మంత్రదండాల్ని భూతద్దం పెట్టి వెతికిన బోధకుల్లో ఎక్కువమంది కళ్లు మాత్రం ఇటు తిరగలేదు. 'మీరు దేవునికిని సిరికిని దాసులుగా నుండనేరరు' అని యేసు అన్నది గార్గమెల్ పిల్లి గురించి కాదు కదా!

జపాన్ కార్టూన్, కార్డుల ఆట పోకెమాన్ వచ్చినప్పుడూ ఇదే తంతు. కార్డుల మీద నక్షత్రం గుర్తు ఉందని, పరిణామం అన్న మాట ఉందని 1999లో కొన్ని చర్చిల్లో హడావుడి, కార్డులు తగలబెట్టినవాళ్లూ ఉన్నారు. 2000 ఏప్రిల్‌లో ఇటలీ కాథలిక్ బిషప్పుల టీవీ చానల్ మాత్రం ఇందులో నైతికంగా హాని ఏమీ లేదు, పిల్లల ఊహకు పదును పెట్టే ఆట అని తేల్చేసింది. ఒకే బైబిలు చదివేవాళ్లు రెండు రకాలుగా చెప్పారన్నమాట. మా లెక్కలో ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. అన్నిటినీ పట్టేయాలి అన్నదే ఆ ఆట నినాదం, ప్యాకెట్లో ఏ కార్డు వస్తుందో తెలియకుండా కొనాలి, అపురూపమైన కార్డు దొరికేదాకా కొంటూనే ఉండాలి. ఇది జూదమే అని కొందరు అమెరికన్ తల్లిదండ్రులు 1999లోనే కోర్టుకెక్కారు. పొరుగువాడిదేదీ ఆశించవద్దన్న పదో ఆజ్ఞ ప్రతి ఆదివారం పిల్లలతో వల్లెవేయించే సంఘం ముందు అడగాల్సిన ప్రశ్న అది.

సొంత కార్టూన్ల విషయంలో ఈ కొలబద్ద ఎలా మారిపోతుందో కూడా చూడాలి. 1981లో అమెరికా క్రైస్తవ చానల్ సీబీఎన్ కోసం జపాన్ స్టూడియో తాత్సునోకో 'సూపర్‌బుక్' తీసింది. దానంతటదే తెరుచుకుని మాట్లాడి పిల్లల్ని వేల ఏళ్ల వెనక్కి లాక్కెళ్లే పుస్తకం అందులో ఉంది, అది గారడీ అని ఎవరూ అనలేదు, ఎందుకంటే ఆ పుస్తకం బైబిలు. కొత్తగా తీసిన సూపర్‌బుక్ ఇప్పుడు తెలుగులోనూ దొరుకుతుంది, సండే స్కూల్ టీచర్లు సంతోషంగా చూపిస్తారు, చూపించడంలో తప్పేం లేదు. కూరగాయలు బైబిలు కథలు చెప్పే 'వెజీటేల్స్' సంగతి ఇంకా ఆసక్తికరం. 2006లో అమెరికా టీవీ చానల్ ఎన్‌బీసీ దాన్ని ప్రసారం చేస్తూ దేవుడి మాటలు కత్తిరిస్తే క్రైస్తవులు మండిపడ్డారు. తర్వాత కొన్నేళ్లకు దాని సృష్టికర్త ఫిల్ విషర్ స్వయంగా, నేను పదేళ్లపాటు పిల్లలకు క్రైస్తవంలా ప్రవర్తించడం నేర్పానే తప్ప క్రైస్తవం నేర్పలేదని ఒప్పుకున్నాడు. మంత్రగత్తె లేదు, దయ్యం లేదు, ప్రతి కథలో వాక్యం ఉంది, అయినా అసలుది జారిపోయిందని తీసినవాడే అన్నాడంటే, నిషేధించాల్సిన మాటల జాబితాలు ఎందుకు పనికొస్తాయి?

మన దగ్గరికొస్తే, 2008 నుంచి పోగో చానల్లో పిల్లల్ని కట్టిపడేసిన ఛోటా భీమ్ హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ స్టూడియోలో పుట్టినవాడే. పేరు భారతంలోది, అదే స్టూడియో కృష్ణుడి మీద కూడా సినిమాలు తీసింది కాబట్టి, చూపించాలా వద్దా అన్న టెన్షన్ క్రైస్తవ ఇళ్లలో ఉండటం సహజం. ఆ నిర్ణయం తల్లిదండ్రులది, చూపించని ఇంటిని ఛాందసం అని, చూపించే ఇంటిని పడిపోయిన విశ్వాసులని అనే హక్కు ఎవరికీ లేదు. కానీ భీమ్ ఊరు ఢోలక్‌పూర్‌లో ఏ గొడవొచ్చినా లడ్డూ తిని బలం తెచ్చుకుని గుద్దేస్తే తీరిపోతుందన్న సంగతి మీద ఏ పాస్టర్‌గారైనా ఒక్క మాట మాట్లాడారా? చెంప చూపించమన్న బోధకూ దానికీ పొత్తు కుదురుతుందా అని ఎనిమిదేళ్ల పిల్లాణ్ని అడిగితే చాలా మంచి జవాబే వస్తుంది.

అందుకే సంఘాలకు మా సూచన ఒకటే. వచ్చే వేసవి వీబీఎస్‌లో (సెలవుల బైబిలు బడిలో) ఒక పూట పిల్లలు రోజూ చూస్తున్న కార్టూన్ ఒక ఎపిసోడ్ పెద్దలంతా కలిసి చూడండి, అయ్యగారు, అమ్మగారు, సంఘపెద్దలు అందరూ. మధ్యలో ఆపకండి, ఉపదేశాలు చేయకండి. అయ్యాక పిల్లల్ని రెండే అడగండి, ఇందులో నీకు ఎవరిలా ఉండాలనిపించింది, ఇది చూశాక ఏం కొనాలనిపించింది అని. ఆ పూట వాళ్ల జవాబులు రాసుకోవడానికి ఒక నోట్‌బుక్ పట్టుకెళ్లండి, వచ్చే ఆదివారం ప్రసంగానికి కావలసింది అందులోనే దొరుకుతుంది.