పాత హాలో బాడీ గిటార్‌కి వెల కట్టేముందు లోపలి చెక్క చూడాలి

పాత హాలో బాడీ (లోపల బోలుగా ఉండే) ఎలక్ట్రిక్ గిటార్ అమ్మకానికి వస్తే ముందు అడిగేది ‘అన్నీ ఒరిజినలేనా?’ అని. ట్యూనర్లు (తీగలు బిగించే మరలు), పికప్‌లు (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు), నాబ్‌లు వరుసగా చూసుకుంటూ, మారిన ప్రతిదానికీ ఇంత అని ధర కోసుకుంటూ పోతారు. ఈ పద్ధతిలో పెద్ద పొరపాటుంది. విప్పిన భాగాన్ని మళ్లీ బిగించవచ్చు. దాన్ని పట్టించడానికి తొలిచేసిన చెక్కను మాత్రం ఎవరూ తిరిగి తేలేరు. ధరలో కోత పెట్టాల్సింది ముందుగా రంధ్రాలకు, ఆ తర్వాతే భాగాలకు.

హాలో బాడీలో ఈ తేడా మరీ ముఖ్యం. సాలిడ్ బాడీలో (గట్టి చెక్క దిమ్మతో చేసిన గిటార్‌లో) పికప్ గుంత కాస్త పెద్దదైనా చుట్టూ దిమ్మ మిగిలే ఉంటుంది. హాలో బాడీలో తీగల ఒత్తిడంతా బ్రిడ్జ్ (తీగలు ఆనే ఆధారం) మీదుగా కొద్ది మిల్లీమీటర్ల పై చెక్క మీద పడుతుంది. దాన్ని మోసేది అడుగున అతికించిన రెండు పొడవాటి బ్రేసులు (ఆధారపు చెక్క పట్టీలు). గిబ్సన్ ఇఎస్-175నే తీసుకోండి. 1949లో పీ-90 అనే ఒకే తీగచుట్ట ఉన్న రకం పికప్ ఒక్కదానితో వచ్చింది, 1953లో రెండు పికప్‌ల రకం తోడైంది, 1957లో హంబకర్లు (హోరు తగ్గించే జంట తీగచుట్టల పికప్‌లు) చేరాయి. దాంతో ఒక పికప్ గిటార్‌కు రెండోది చేర్చడం, పీ-90 తీసి హంబకర్ పెట్టడం చాలామందికి సహజమైన మార్పుగానే తోచింది. ఆ కోతలో రంపం బ్రేసును తాకితే పై చెక్క ఏళ్ల తరబడి మెల్లగా కుంగుతుంది. బయటి నుంచి చూస్తే పికప్ రింగు ఆ కోతను చక్కగా కప్పేసి ఉంటుంది.

అందుకే పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దం, చిన్న ఎల్‌ఈడీ లైటు లేకుండా ఇలాంటి గిటార్ కొనవద్దు. ఎఫ్-హోల్ (పై చెక్కలో ‘f’ ఆకారపు రంధ్రం) లోంచి అద్దం పెట్టి బ్రేసులు ఈ చివర నుంచి ఆ చివర దాకా తెగకుండా ఉన్నాయా, అతుకు ఊడిందా చూడాలి. ఫ్యాక్టరీ కోతకు అంచులు ఏ వయసు రంగులో ఉంటాయో మిగతా చెక్కా అదే రంగులో ఉంటుంది. తర్వాత కోసిన అంచు తెల్లగా, పీచు లేచి కనిపిస్తుంది. ఫీడ్‌బ్యాక్ (యాంప్లిఫైయర్ శబ్దానికి గిటార్ మళ్లీ కంపించి వచ్చే కూత) ఆపడానికి లోపల ఇరికించిన నిలువు కర్ర, కుక్కిన స్పాంజి, వాటి జిగురు మరకలు కూడా అప్పుడే బయటపడతాయి.

తర్వాత బ్రిడ్జ్ ఎత్తు మార్చే చక్రాలు చూడండి. అవి పూర్తిగా కిందకు దించి ఉండి, తీగలు ఇంకా ఎత్తుగానే ఉంటే నెక్ (గిటార్ మెడ) ముందుకు లేచిందని అర్థం. నెక్ ఊడదీసి మళ్లీ అమర్చాలి, అది ఖరీదైన పని. చక్రాలు బాగా పైకి ఎత్తి ఉంటే పై చెక్క కుంగిందేమో అనుమానించాలి. ఒక జాగ్రత్త: ఈ బ్రిడ్జ్‌కు ఆధారం తీగల ఒత్తిడే. ఆరు తీగలూ ఒకేసారి వదులు చేస్తే అది జారిపోతుంది. పన్నెండో ఫ్రెట్ (నెక్ మీది లోహపు పట్టీ) నుంచి బ్రిడ్జ్ వరకు దూరం ముందే కొలిచి రాసుకోండి. గుర్తు కోసం టేపు అంటించవద్దు, పాత నైట్రోసెల్యులోజ్ లక్కర్ (మెరుగు పూత) దాంతో పాటే లేచి వచ్చేస్తుంది.

పికప్‌ల విషయంలో అసలు చిక్కు డబ్బుదే. గిబ్సన్ ఇంజినీరు సెత్ లవర్ రూపొందించిన హంబకర్‌కు 1955లో పేటెంట్ దరఖాస్తు పడింది, 1959లో మంజూరైంది. పికప్ అడుగున ‘పేటెంట్ అప్లయిడ్ ఫర్’ (పేటెంట్‌కు దరఖాస్తు చేశాం; పొట్టిగా పీఏఎఫ్) స్టిక్కర్ మాత్రం దాదాపు 1962 దాకా కొనసాగింది. ఆ పీఏఎఫ్ పికప్‌లకు విడిగా ఎంత గిరాకీ ఉందంటే, ఆర్చ్‌టాప్‌ల (ఇలా పై చెక్క వంపుగా ఉండే గిటార్ల) నుంచి వాటిని ఊడదీసి సాలిడ్ బాడీ గిటార్లలో పెట్టుకుంటున్నారు. నిక్షేపంలాంటి వాయిద్యాన్ని విడిభాగాల గనిగా చూడటం నిజంగా బాధ కలిగిస్తుంది. కాబట్టి ఇఎస్-175 చేతికొస్తే, పికప్‌లలో ముందు చూడాల్సింది కవర్ టంకం కదిలిందా అన్నదే. స్టిక్కర్ ఒక్కదాన్నే నమ్మలేం, దానికి నకళ్లు దొరుకుతాయి.

మల్టీమీటర్‌తో పికప్ నిరోధాన్ని జాక్ దగ్గర కొలిచేటప్పుడు వాల్యూమ్ పూర్తిగా తెరవాలి. 500 కిలో ఓమ్‌ల పాట్ (వాల్యూమ్ నాబ్ కింది నియంత్రకం) సమాంతరంగా ఉంటుంది కాబట్టి 8 కిలో ఓమ్‌ల పికప్ 7.87గా కనిపిస్తుంది. పికప్‌లో చుట్టిన రాగి తీగ నిరోధం డిగ్రీకి 0.4 శాతం చొప్పున పెరుగుతుంది. గది పది డిగ్రీలు వేడెక్కితే అదే పికప్ దాదాపు 0.3 కిలో ఓమ్‌లు ఎక్కువ చూపిస్తుంది. అంకె కొద్దిగా తేడా వచ్చిందని పికప్ మారిందనడం తొందరపాటు.

తయారీ తేదీలకు పాట్ వెనుక ముద్ర, లేబుల్ మీది సీరియల్ నంబరు, ఎఫ్-హోల్ లోపల కొట్టిన ఫ్యాక్టరీ ఆర్డర్ నంబరు మూడింటినీ కలిపి చదవాలి. పాట్ మీద 1345832 అని ఉంటే 134 సెంట్రలాబ్ సంస్థ, 58 సంవత్సరం, 32 వారం. గిటార్ అంతకు ముందుది కాదని మాత్రమే ఇది చెబుతుంది. పాట్ నెలల తరబడి గోదాములో ఉండవచ్చు. గిబ్సన్ ఆర్డర్ నంబరు మొదటి అక్షరం యూ అయితే 1957, టీ 1958, ఎస్ 1959, ఆర్ 1960, క్యూ 1961. ఆర్డర్ నంబరు 1957 అంటుంటే పాట్లన్నీ 1966 అంటున్నాయంటే వైరింగ్ మొత్తం మారినట్టే.

ట్యూనర్ల మార్పును మాత్రం అతిగా శిక్షిస్తున్నారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే క్లూసన్ ట్యూనర్ బుషింగ్‌కు (రంధ్రంలో కూర్చునే లోహపు గొట్టానికి) సుమారు 8.7 మి.మీ. రంధ్రం చాలు, తర్వాత వేసే గ్రోవర్ రోటోమాటిక్ ట్యూనర్‌కు 10 మి.మీ. కావాలి. ఆరు చోట్ల మిల్లీమీటరు పైచిలుకు చెక్క పోయింది, నిజమే. కానీ కన్వర్షన్ బుషింగ్‌లతో క్లూసన్లు మళ్లీ కూర్చుంటాయి, శబ్దానికి ఏ ఇబ్బందీ ఉండదు. బిగ్స్‌బీ (స్వరాన్ని కదిలించే చేతికర్ర ఉన్న టెయిల్‌పీస్, అంటే తీగల చివరలు పట్టే భాగం) విషయంలో మోడల్ చూడాలి. బీ6 గిటార్ చివరి దిమ్మకే బిగుస్తుంది. బీ7కు పై చెక్కలోకీ స్క్రూలు దిగుతాయి. ఫ్యాక్టరీ నుంచే బిగ్స్‌బీతో వచ్చిన గిటార్లూ ఉన్నాయి కాబట్టి, దాని కింద పాత ట్రపీజ్ (ఊయల ఆకారపు) టెయిల్‌పీస్ రంధ్రాలు ఉన్నాయా అన్నదే ఆధారం.

రంగు మళ్లీ వేస్తే ధర దాదాపు సగానికి పడుతుందన్నది వింటేజ్ వ్యాపారంలో వాడుక లెక్క, అది సబబే. చీకటి గదిలో యూవీ లైటు వేస్తే పాత లక్కర్ పచ్చటి పసుపులో మెరుస్తుంది, కొత్త పూత నల్లగా ఉండిపోతుంది. నట్ (నెక్ పై చివర తీగలు ఆనే చిన్న పట్టీ) వెనక, ట్రస్ రాడ్ (నెక్ లోపలి ఇనుప కడ్డీ) కోసం చెక్క తొలిచిన చోట నల్ల మచ్చ కనిపిస్తే హెడ్‌స్టాక్ (ట్యూనర్లుండే తల) విరిగి అతికిందేమో వెతకాలి. మంచి చేతితో చేసిన రీఫ్రెట్‌కు (కొత్త ఫ్రెట్లు వేయడానికి) మాత్రం పైసా తగ్గించడం అన్యాయం. ఫ్రెట్లు అరిగేవే.

తీసిన పాత భాగాలను సంచిలో వేసి గిటార్‌తో ఇచ్చే అమ్మకందారుకు ఎక్కువ ఇవ్వడం న్యాయం. ఆ సంచిలో సెల్యులాయిడ్ పిక్‌గార్డ్ (మీటేటప్పుడు చెక్క గీసుకుపోకుండా కాపాడే పలక) ఉంటే, అంచులు చిట్లి, దగ్గరి స్క్రూలు పచ్చగా చిలుము పట్టాయేమో చూడండి. కుళ్లుతున్న సెల్యులాయిడ్ నుంచి వెలువడే ఆమ్ల వాయువులు మూసిన కేసులో పికప్ కవర్ల పూతనూ తినేస్తాయి. దాన్ని దాచండి, కానీ గిటార్ ఉన్న పెట్టెలో వద్దు.