చేతులతో చేసి నేర్చుకోవడం కాలహరణమా? ఒక ప్రచారానికి ఖండన

ఉపాధ్యాయుల, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వాదన కొంతకాలంగా చక్కర్లు కొడుతోంది. దాని సారాంశం ఇది: వంతెన నమూనాలు, చిన్న మోటార్లు, పుల్లల బొమ్మలు చేయిస్తూ సైన్సు, గణితం నేర్పడం విదేశాల నుంచి వచ్చిన మోజు, ఈ పద్ధతి విఫలమని 2006లోనే పరిశోధకులు తేల్చేశారు, పిల్లలకు బొమ్మ గుర్తుంటుంది గాని పాఠం గుర్తుండదు, గణితానికి అది అసలే అక్కరకు రాదు, దానివల్ల సిలబస్ వెనకబడి మార్కులు తగ్గుతాయి, ఎలా చూసినా లక్షలు పోసి ల్యాబు పెట్టుకోగల బడులకే అది చెల్లుతుంది. పిల్లల చదువు గురించి నిజంగా దిగులుపడే తల్లిదండ్రులు కూడా దీన్ని నమ్మి పంచుకుంటున్నారు. భౌతికశాస్త్రం బోధించే వ్యక్తిగా నాకు ఇది చిన్న విషయంగా అనిపించడం లేదు, ఎందుకంటే ఈ మాటలు పట్టుకొని ఉన్న కాస్త ప్రయోగాల పీరియడునూ తీసేసే బడులు ఉన్నాయి. అందుచేత ఒక్కొక్క మాటనూ విడిగా పరిశీలిద్దాం.

విదేశీ మోజు అన్న మాటకు ఎక్కువ చర్చ అవసరం లేదు. చేతిపని ద్వారానే చదువు సాగాలన్న నయీ తాలీమ్ ఆలోచనను గాంధీజీ 1937లో వార్ధా సమావేశంలో దేశం ముందుంచారు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలల్లో మొదలైన, ప్రయోగాల ద్వారా సాగే విజ్ఞాన బోధన కార్యక్రమం తరువాత వందల ప్రభుత్వ బడులకు విస్తరించింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం, టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పల్లెటూరి ఉపాధ్యాయులతో కలిసి కూర్చొని ఆ ప్రయోగాలను రూపొందించారు. అందులో పరీక్ష కూడా పుస్తకం తెరిచి రాసేదే, దానితోపాటు చేసి చూపించే పరీక్ష వేరుగా ఉండేది. 2002లో అక్కడి ప్రభుత్వం దాన్ని నిలిపివేయడం ఈ దేశపు పాఠశాల విద్యకు జరిగిన నష్టమని నా అభిప్రాయం. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో జ్యామితి నేర్పిన అరవింద్ గుప్తా మనవారే. 1999లో ఏర్పడి, కుప్పం దగ్గర ప్రాంగణం ఏర్పరచుకొని, వాహనాల్లో ప్రయోగ సామగ్రిని పల్లె బడులకు చేర్చిన అగస్త్య ఫౌండేషన్ పని మన కళ్లముందే ఉంది.

ఇక 2006 నాటి పరిశోధన. ఆ వ్యాసం నిజంగానే ఉంది. పాల్ కిర్ష్‌నర్, జాన్ స్వెల్లర్, రిచర్డ్ క్లార్క్ అనే ముగ్గురు రాశారు. అయితే వారు విమర్శించినది చేతులతో చేయించడాన్ని కాదు, అతి తక్కువ మార్గదర్శనంతో పిల్లలను వదిలేసి వారంతట వారే అన్నీ కనుక్కోవాలని ఆశించడాన్ని. కొత్తగా నేర్చుకునేవారి మనసు ఒకేసారి కొద్ది విషయాలనే పట్టుకోగలదు కాబట్టి, దారి చూపకుండా వదిలేస్తే వెతుకులాటలోనే వారి శక్తి అయిపోతుందని, నేర్చుకోవడానికి మిగలదని వారి వాదన. ఈ హెచ్చరిక సరైనదే, దాన్ని తోసిపుచ్చవలసిన పని లేదు. సామగ్రి బల్లమీద పోసి, చేసుకోండని చెప్పి, ఉపాధ్యాయుడు హాజరు పట్టీ నింపుకుంటూ కూర్చుంటే ఆ గంట వృథా అనడంలో సందేహం లేదు. కానీ మరుసటి ఏడాది అదే పత్రికలో సిండీ హ్మెలో-సిల్వర్, ఆమె సహచరులు జవాబిస్తూ, సమస్య ఆధారంగా సాగే మంచి బోధనలో ఉపాధ్యాయుడి చేయూత అడుగడుగునా ఉంటుందని, దాన్ని మార్గదర్శనం లేని బోధనతో ఒకే గాటన కట్టడం పొరపాటని చూపించారు. మొదటి వ్యాసాన్ని మాత్రమే, అదీ దాని పేరును మాత్రమే చూసి పంచుకుంటున్నవారు ఈ తేడాను గమనించాలి.

బొమ్మ గుర్తుంటుంది గాని పాఠం గుర్తుండదన్న ఆక్షేపణ వీటికన్నా బరువైనది. పదో తరగతిలో విద్యుత్ మోటారు పాఠం ఉంది. కమ్యుటేటర్ పని ఏమిటని అడిగితే, తీగచుట్టలో విద్యుత్ ప్రవాహ దిశను మారుస్తుందని పిల్లలు తడుముకోకుండా చెబుతారు. దిశ మారకపోతే ఏమవుతుందని అడిగితే చాలామంది ఆగిపోతారు. ఇప్పుడు అదే పిల్లల చేతికి ఎనామిల్ పూసిన రాగి తీగ, పాత స్పీకరులోని అయస్కాంతం, రెండు పిన్నీసులు, ఒక బ్యాటరీ ఇవ్వండి. తీగను చుట్టగా చుట్టి, రెండు కొసల మీది పూతను బ్లేడుతో శుభ్రంగా గీకి, పిన్నీసుల కన్నాల్లో నిలబెడతారు. చుట్ట ఒకసారి ఊగి, ఇటు అటు కదిలి, ఆగిపోతుంది. బ్యాటరీ అయిపోయిందనుకొని మారుస్తారు. అప్పుడూ అంతే. ఇక్కడే ఉపాధ్యాయుడు కలగజేసుకోవాలి. చుట్ట సగం తిరిగాక దాని మీద పనిచేసే బలాలు ఎటువైపు తిప్పుతున్నాయో బొమ్మ గీసి చూపమనాలి. ఆ బలాలు ఇప్పుడు వెనక్కి తిప్పుతున్నాయని పిల్లలే బొమ్మలో చూస్తారు. ఒక కొసన పూతను పూర్తిగా కాక ఒక పక్క సగం మాత్రమే గీకితే, వెనక్కి లాగవలసిన ఆ అరచుట్టులో విద్యుత్తు ఆగిపోతుంది, చుట్ట తన జడత్వంతోనే ఆ సగం దాటేస్తుంది. మోటారు తిరుగుతుంది. పుస్తకంలోని కమ్యుటేటర్ విద్యుత్తును ఆపదు, దిశను తిప్పుతుంది. ఇక్కడ మనం చేసినది ఆపడం మాత్రమే. ఈ రెండింటికీ తేడా ఏమిటి, ఏది ఎక్కువ బలంగా తిప్పుతుంది అన్న ప్రశ్న తరగతిలో దానంతట అదే పుడుతుంది. ఆగిపోయిన మోటారును నడిపించుకున్న పిల్లవాడికి బొమ్మ, పాఠం రెండు వేరువేరు వస్తువులుగా మిగలవు.

అయితే ఒక షరతు ఉంది, దాన్ని దాచకూడదు. తిరిగిన మోటారును చూసి చప్పట్లు కొట్టి గంట ముగిస్తే ఆక్షేపణ చేసినవారి మాటే నిజమవుతుంది. ఎందుకు ఆగింది, ఏం మార్చాం, మార్చాక ఏమైంది అని నోటుపుస్తకంలో సొంత మాటల్లో రాయించాలి, బలాల బొమ్మ గీయించాలి, ఆ తరువాతే పాఠ్యపుస్తకంలోని పేరాను చదివించాలి. సైన్సు మేళాకు ముందురోజు తండ్రి చేసిపెట్టిన నమూనాను బల్లమీద పెట్టి ఎవరో రాసిచ్చిన నాలుగు వాక్యాలు అప్పగించడాన్ని నేను ఈ పద్ధతిలో భాగంగా లెక్కించను. ప్రచారంలోని విమర్శలో చాలాభాగం తగిలేది ఆ అలవాటుకే.

గణితానికి అక్కరకు రాదన్న మాటతో నాకు అన్నిటికన్నా తీవ్రమైన విభేదం ఉంది. సమాన పొడవున్న నాలుగు పుల్లలను వాల్వ్ ట్యూబు ముక్కలతో కలిపి చతురస్రం చేయించండి. ఒక మూల పట్టుకొని నెడితే అది సమచతుర్భుజంగా ఒరిగిపోతుంది. భుజాలు అవే, చుట్టుకొలత అదే, వైశాల్యం మాత్రం తగ్గుతూ పోయి చివరకు పుల్లలన్నీ ఒకదానిపై ఒకటి పడి సున్నా అవుతుంది. చుట్టుకొలత సమానమైతే వైశాల్యమూ సమానమేనని పొరబడే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఎన్ని లెక్కలు చేయించినా వదలని ఆ పొరపాటు ఇక్కడ చేతిలోనే విడిపోతుంది. మూడు పుల్లలతో చేసిన త్రిభుజాన్ని నెడితే కదలదు. మూడు భుజాలు నిర్ణయమైతే త్రిభుజం నిర్ణయమైపోతుందన్న భు-భు-భు సర్వసమానత్వ నియమం అంటే ఇదే. చతురస్రానికి ఒక కర్ణం వేస్తే నిలబడుతుంది, పంచభుజికి రెండు, షడ్భుజికి మూడు కావాలి. ఎన్ని భుజాలకు ఎన్ని అడ్డపుల్లలు అని పట్టిక వేసుకుంటే భుజాల సంఖ్యలోంచి మూడు తీసేయాలన్న సూత్రం పిల్లల నోటనే వస్తుంది, ఎందుకు మూడు అన్న ప్రశ్నా వస్తుంది. రాజమహేంద్రవరంలో 1974లో ప్రారంభమైన రోడ్డు-రైలు వంతెన మీద ప్రయాణించిన వారికి కిటికీ పక్కన సాగిపోయే ఆ ఇనుప త్రిభుజాలు గుర్తుండే ఉంటాయి. అవి అక్కడ ఎందుకున్నాయో ఏడో తరగతి పిల్లవాడు అప్పుడు చెప్పగలడు.

పదో తరగతి త్రికోణమితి అనువర్తనాల అధ్యాయాన్నీ తీసుకోండి. చెట్టు ఎత్తు, ఊర్ధ్వ కోణం, టాంజెంట్ విలువ అంటూ అందులో లెక్కలుంటాయి. వాటిలో కోణం దాదాపు ఎప్పుడూ 30, 45 లేదా 60 డిగ్రీలే. కోణమానికి ఒక స్ట్రా అంటించి, మధ్య బిందువు నుంచి దారంతో రాయి వేలాడదీస్తే కోణం కొలిచే పరికరం తయారవుతుంది. దానితో బడి ఆవరణలోని కొబ్బరిచెట్టును కొలవడానికి బయలుదేరిన పిల్లలకు, దారం చూపే అంకెను 90 నుంచి తీసివేయాలని, వచ్చిన ఎత్తుకు తమ కంటి ఎత్తు కలపాలని వెంటనే తట్టదు. మూడు జట్లు కొలిస్తే మూడు సమాధానాలు వస్తాయి. అసలైన గణితం అప్పుడు మొదలవుతుంది. కంటి మట్టం నుంచి 10 మీటర్ల ఎత్తున్న చెట్టుకు 10 మీటర్ల దూరంలో నిలబడితే కోణం 45 డిగ్రీలు. అక్కడ ఒక డిగ్రీ పొరబడితే ఎత్తులో సుమారు 35 సెంటీమీటర్ల తేడా వస్తుంది. మరీ దగ్గరగా, కోణం 70 డిగ్రీలు అయ్యే చోట నిలబడితే అదే ఒక్క డిగ్రీ పొరపాటుకు తేడా అర మీటరు దాటుతుంది. మరీ దూరంగా, 20 డిగ్రీల చోటికి వెళ్లినా దాదాపు అంతే. కొలవడానికి ఎక్కడ నిలబడితే మంచిదన్న ఇంజనీరు ప్రశ్నకు జవాబు టాంజెంట్ పట్టికలోనే ఉంది, పిల్లలు దాన్ని తెరిచి వెతుకుతారు. 30-45-60 లెక్కలను వందసార్లు చేసినా ఈ ప్రశ్న ఎదురు కాదు.

సిలబస్ వెనకబడుతుంది, మార్కులు తగ్గుతాయి అన్నది తల్లిదండ్రులను ఎక్కువగా భయపెట్టే మాట. దీనిపై ఆధారాలున్నాయి. అమెరికాలో జార్జియా టెక్‌లో జానెట్ కొలోడ్నర్ బృందం మాధ్యమిక తరగతులకు, బెలూను గాలితో నడిచే బండ్లు వంటివి తయారుచేస్తూ బలం, చలనం నేర్చుకునే పాఠాలను రూపొందించి, మామూలు తరగతులతో పోల్చి చూసింది. విషయ పరిజ్ఞానంలో ఆ పిల్లలు మిగతావారితో సమానంగానో, అంతకన్నా మెరుగ్గానో ఉన్నారు. ప్రయోగాన్ని రూపొందించడంలో, కలిసి పనిచేయడంలో స్పష్టంగా ముందున్నారు. 2014లో స్కాట్ ఫ్రీమన్, సహచరులు 225 అధ్యయనాలను కలిపి విశ్లేషించి, కేవలం ఉపన్యాసం వినే తరగతుల్లో పరీక్ష తప్పేవారు సుమారు 34 శాతం ఉంటే, విద్యార్థి చురుకుగా పాల్గొనే తరగతుల్లో 22 శాతమే ఉన్నారని తేల్చారు. ఇది కళాశాల విద్యార్థుల గురించిన లెక్క, చేతిపనికే పరిమితమైనదీ కాదు కాబట్టి మన బడులకు యథాతథంగా వర్తిస్తుందని నేను అనను. కానీ పాల్గొనడం వల్ల మార్కులు తగ్గుతాయన్న వాదనకు ఇది నేరుగా ఎదురు నిలుస్తుంది. ప్రతి పాఠానికీ ఏదో ఒకటి చేయించాలని ఎవరూ కోరడం లేదు. పిల్లలు పదేపదే తడబడే పాఠాలు ఏవో ప్రతి ఉపాధ్యాయుడికీ తెలుసు. వాటికి రెండు పీరియడ్లు కలిపి ఇస్తే, పునశ్చరణలో అదే పాఠాన్ని మళ్లీ మొదటి నుంచి చెప్పవలసిన బాధ తప్పుతుంది.

ఖర్చు సంగతి చివరిది. పిల్లలు బడిలోనే పరికరాలు తయారుచేసి చూసుకోవడానికి 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబులకు కేంద్రం ఒక్కో బడికి 20 లక్షల రూపాయల వరకు ఇస్తున్నందువల్ల, త్రీడీ ప్రింటరు లేకపోతే ఈ పద్ధతే లేదన్న అభిప్రాయం పాకింది. ఆ ల్యాబులు రావడం మంచిదే. కానీ పైన చెప్పిన వాటిలో ఏ ఒక్కదానికీ అవి అవసరం లేదు. రాగి తీగ ముక్కలు మండల కేంద్రంలోని మోటారు వైండింగ్ షాపులో అడిగితే ఇస్తారు, వాల్వ్ ట్యూబు సైకిల్ షాపులో దొరుకుతుంది, అగరుబత్తి పుల్లలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. నిజంగా కొరతగా ఉన్నవి వేరు: నలభై మంది పిల్లలను జట్లుగా నడిపించడంలో ఉపాధ్యాయుడికి చేతులమీదుగా ఇచ్చే శిక్షణ, టైమ్‌టేబుల్‌లో వారానికి ఒక జంట పీరియడు, బీరువాలో తాళం వేసి ఉన్న ప్రయోగ సామగ్రిని పగిలితే ఎవరు జవాబుదారీ అన్న భయం లేకుండా బయటకు తీసే స్వేచ్ఛ. తల్లిదండ్రులు పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో అడగవలసినవి ఈ మూడు.