టీకా కానిదాన్ని టీకా అని అమ్మనిస్తారా?

‘గుండెకు టీకా వేయించుకోండి, రక్తనాళాల్లో పూడికలు కరిగిపోతాయి.’ బెజవాడ సూర్యారావుపేట నుంచి గుంటూరు కొత్తపేట దాకా శిబిరాల పేరిట పంచుతున్న కరపత్రాల సారమిదే. పచ్చి అబద్ధం. టీకా మన ఒంట్లోనే యాంటీబాడీలను పుట్టిస్తుంది. ఎవోలోకుమాబ్‌, అలిరోకుమాబ్‌ అనే, వీళ్లు టీకా అంటున్న మందులు బయట తయారై సిరంజిలో వచ్చే యాంటీబాడీలు. ఇవి కాలేయం పనికి అడ్డుపడే పీసీఎస్‌కే9 ప్రోటీన్‌ను పట్టేస్తే కాలేయం రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ అయిన ఎల్‌డీఎల్‌ను మరింతగా లాగేస్తుంది. మానేస్తే కొలెస్ట్రాల్‌ మళ్లీ మొదటికొస్తుంది.

మందు మంచిదే. ఎవోలోకుమాబ్‌పై 2017లో వెలువడిన ఫోరియర్‌ అధ్యయనంలో 27,564 మంది పాల్గొన్నారు. ఎల్‌డీఎల్‌ డెసిలీటరు రక్తంలో 92 మిల్లీగ్రాముల నుంచి 30కి దిగింది, గుండెపోటు, పక్షవాతం వంటి ముప్పు 15 శాతం తగ్గింది. వాళ్లంతా అప్పటికే జబ్బుపడి, కొలెస్ట్రాల్‌ తగ్గించే మాత్ర అయిన స్టాటిన్‌ వాడుతున్నవారు. గుండెపోటు రానివారికీ మేలుందంటారా? అదీ ముప్పు బాగా ఎక్కువున్నవారి మాటే. ముందు కొలెస్ట్రాల్‌ను లెక్కగట్టే రక్తపరీక్ష లిపిడ్‌ ప్రొఫైల్‌, సరిపడా మోతాదులో స్టాటిన్‌, 4 నుంచి 12 వారాలకు మళ్లీ పరీక్ష, చాలకపోతే మరో కొలెస్ట్రాల్‌ మాత్ర, 10 మిల్లీగ్రాముల ఎజెటిమైబ్‌. స్టాటిన్‌ పడనివారి సంగతి వేరు. మిగతావారికి ఇవన్నీ అయ్యాకే ఇంజెక్షన్‌.

మందు నింపిన ఆ పెన్ను లాంటి సిరంజి 2–8 డిగ్రీల చలువలో ఉండాలి. గడ్డకడితే పారేయాల్సిందే. ఎవోలోకుమాబ్‌ బయట 25 డిగ్రీలు దాటకూడదు, మే నెలలో మన ఇళ్ల లోపలే అంతకు మించి ఉంటుంది. పొడిచే ముందు అరగంట బయటపెట్టాలి, ఊపకూడదు, వేడినీళ్లలో ముంచకూడదు. పెన్ను కిటికీ పూర్తిగా పసుపురంగు తిరిగేదాకా, దాదాపు 15 సెకన్లు, తొడకు ఆనించే ఉంచాలి. తొందరపడి తీస్తే మందు చర్మం మీదే కారిపోతుంది. ఇవేవీ చెప్పకుండా, ఐసు పెట్టె కూడా లేకుండా, ప్లాస్టిక్‌ కవర్లో పెట్టి బస్సెక్కిస్తే రోగికి మిగిలేది బిల్లే.

అంతకు మించిన భయం ఒకటుంది. ఈ అబద్ధాన్ని ఇవాళ చెల్లనిస్తే, రేపు ఏ యాంటీబాడీకైనా ఇదే ముద్ర వేసి అమ్ముతారు. ధమనుల్లో వాపు ప్రక్రియను అణచే కానకినుమాబ్‌ను 10,061 మందిపై పరీక్షించారు. 150 మిల్లీగ్రాముల మోతాదులో ముప్పు 15 శాతం తగ్గింది, కానీ ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని గుండెజబ్బుకు ఒప్పుకోలేదు. అలాంటి మందూ రేపు శిబిరంలో ‘టీకా’ అయిపోతే అడ్డుకునేదెవరు? ఇవాళ ఊరుకున్నవాళ్లకు అప్పుడు నోరెలా వస్తుంది?

డ్రగ్స్‌ అండ్‌ మ్యాజిక్‌ రెమెడీస్‌ చట్టం 1954 నుంచీ ఉంది. ధమనులు గట్టిపడే జబ్బు, గుండెజబ్బులు దాని షెడ్యూలులోనే ఉన్నాయి. వాటిని నయం చేస్తాం, రాకుండా ఆపుతాం అని జనానికి ప్రకటనలివ్వడం నేరం, మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు. కరపత్రం మీద ఫోన్‌ నంబరుంది, శిబిరం తేదీ ఉంది. ఔషధ నియంత్రణ అధికారులు ఇంకెవరి ఫిర్యాదు కోసం కూర్చున్నారు?