కోడ్ అడగని జర్నల్‌ను నమ్మొద్దు

బయోఇన్ఫర్మాటిక్స్‌లో, అంటే జీవశాస్త్ర డేటాను కంప్యూటర్‌తో విశ్లేషించే రంగంలో, పీహెచ్‌డీ చేస్తున్న ఏ స్కాలర్‌ను కదిలించినా టెన్షన్ ఒకటే: పేపర్ ఎక్కడికి పంపాలి? గైడ్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ వ్యాసాలను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉటంకించారో చెప్పే అంకె) చూడమంటారు. సీనియర్లు తొందరగా తేలిపోయే జర్నల్ చూసుకోమంటారు. ఇంట్లోవాళ్లు థీసిస్ ఎప్పుడిస్తావని అడుగుతుంటారు. వీటన్నిటికంటే ముందు చూడాల్సింది ఇంకొకటుందని నా నమ్మకం. ఆ జర్నల్ మన దగ్గర ఏం అడుగుతోంది? డేటా బయటపెట్టమంటోందా, విశ్లేషణకు రాసిన ప్రోగ్రామ్ కోడ్ ఇవ్వమంటోందా, మనం చెప్పిన ఫలితం మరొకరి కంప్యూటర్‌లో కూడా రావాలని పట్టుబడుతోందా? ఎంత గట్టిగా అడిగితే మన పనికి అంత మేలు.

ఈ మాట తెలుగువాళ్లం ఇంకాస్త గట్టిగా చెప్పుకోవాలి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ సంస్థ ప్రచురణ మొదలుపెట్టిందే 2008లో 'జర్నల్ ఆఫ్ ప్రోటియోమిక్స్ అండ్ బయోఇన్ఫర్మాటిక్స్'తో. ఆ తర్వాత అది వందల జర్నళ్లకు పెరిగింది. 2016 ఆగస్టులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాని మీద కేసు వేసింది. నిపుణుల సమీక్ష జరిగిందని చెప్పి సరిగా జరపకుండానే వ్యాసాలు వేస్తున్నారని, ఫీజు సంగతి ముందుగా చెప్పడం లేదని, అడగకుండానే శాస్త్రవేత్తల పేర్లు ఎడిటర్ల జాబితాలో పెడుతున్నారని, వ్యాసం వెనక్కి తీసుకుంటామన్నా ఒప్పుకోవడం లేదని అందులోని ఆరోపణలు. సంస్థ వాటిని ఖండించింది. అయినా 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు కమిషన్ వైపే తీర్పు ఇచ్చి, 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని ఆదేశించింది. అలాంటి చోట పేపర్ వేసుకున్న పిల్లల్లో చాలామంది మోసం చేద్దామని వెళ్లినవాళ్లు కారు. గడువు ముంచుకొస్తుంటే, ఏమీ అడగకుండా తీసుకుంటామన్నవాళ్ల దగ్గరికి వెళ్లారు. ఆ పేపర్ పేరు మాత్రం రెజ్యూమె మీద జీవితాంతం ఉండిపోతుంది.

ఇప్పుడు గట్టిగా అడిగే జర్నల్ ఎలా ఉంటుందో చూద్దాం. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ప్రచురించే 'బయోఇన్ఫర్మాటిక్స్' 1985లో 'క్యాబియోస్' పేరుతో మొదలై 1998లో ఇప్పటి పేరుకు మారింది. జీనోమ్ సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ అక్షరాల వరుస చదవడం) డేటా ముట్టుకున్న ప్రతివాళ్లకూ తెలిసిన బీడబ్ల్యూఏ, శామ్‌టూల్స్ అనే సాఫ్ట్‌వేర్లు 2009లో, ట్రిమ్మోమాటిక్ 2014లో ఈ జర్నల్లోనే వచ్చాయి. ఇందులో 'అప్లికేషన్ నోట్' అని ఒక చిన్న రకం వ్యాసం ఉంది. కొద్ది పేజీల్లో కొత్త సాఫ్ట్‌వేర్‌ను పరిచయం చేస్తే చాలు. అయితే ఆ సాఫ్ట్‌వేర్ వ్యాపారేతర వాడకానికి ఉచితంగా దొరకాలి, ప్రచురణ తర్వాత కనీసం 2 ఏళ్లు అందుబాటులో ఉండాలి. 'న్యూక్లియిక్ యాసిడ్స్ రీసెర్చ్' జర్నల్ ఏటా జులైలో తెచ్చే వెబ్ సర్వర్ (బ్రౌజర్‌లోనే వాడుకునే విశ్లేషణ టూల్) సంచికకైతే ముందు ఒక ప్రతిపాదన పంపాలి. అప్పటికే సర్వర్ పనిచేస్తూ ఉండాలి, లాగిన్ లేకుండా ఎవరైనా వాడగలగాలి. 'ప్లోస్ కంప్యుటేషనల్ బయాలజీ' 2021 నుంచి కోడ్ పంచుకోవడాన్ని తప్పనిసరి చేసింది. ఈ షరతులు చదివి చాలామంది భయపడతారు. నాకైతే ఇవి మంచి గైడ్ ముందే వేయాల్సిన ప్రశ్నల్లా కనిపిస్తాయి.

ఎక్కువ పేపర్లు ఎక్కడ దెబ్బతింటాయో కాస్త వివరంగా చెప్పాలి. మన దగ్గర బాగా నడిచే పని ప్రోటీన్ సీక్వెన్స్ (అమైనో ఆమ్లాల వరుస) ఇస్తే దాని గుణం ఊహించి చెప్పే మెషిన్ లెర్నింగ్ మోడల్. డేటాబేస్ నుంచి కొన్ని వేల సీక్వెన్సులు దించుకుంటారు. ఇష్టమొచ్చినట్టు కలిపి 80 శాతం శిక్షణకు, 20 శాతం పరీక్షకు విడదీస్తారు. 97 శాతం కచ్చితత్వం వచ్చిందని రాస్తారు. చిక్కేమిటంటే ప్రోటీన్లకు బంధుత్వాలుంటాయి. మనిషి ప్రోటీన్ శిక్షణలో, దాదాపు అదే అయిన చింపాంజీ ప్రోటీన్ పరీక్షలో పడితే, ఆ మోడల్ ప్రశ్నపత్రం ముందే చూసిన విద్యార్థి లాంటిది. దీన్నే డేటా లీకేజీ అంటారు. 2023లో 'ప్యాటర్న్స్' జర్నల్లో కపూర్, నారాయణన్ చేసిన పరిశీలన 17 రంగాల్లో 294 పేపర్లను ఈ లోపం తాకిందని చూపించింది. తప్పించుకునే దారి కొత్తదేమీ కాదు. సీడీ-హిట్ లాంటి టూల్‌తో పోలికలున్న సీక్వెన్సులను గుంపులుగా చేసి, ఒక గుంపు మొత్తం ఒకే వైపు ఉండేలా విడదీయాలి. ఆ తర్వాత ఎప్పుడూ చూడని డేటా మీద మళ్లీ పరీక్షించాలి. అప్పుడు 97 కాస్తా 81 కావచ్చు. ఆ 81నే ధైర్యంగా రాసి పంపమంటాను. అనుభవమున్న రివ్యూయర్ 97ను చూడగానే డేటా ఎలా విడదీశారని అడుగుతారు. ఆ ప్రశ్నకు మాన్యుస్క్రిప్ట్‌లో జవాబు లేకపోతే రిజెక్ట్ కావడం న్యాయమే.

చిన్న నిర్లక్ష్యం ఎంత దూరం పోతుందో ఎక్సెల్ కథ చెబుతుంది. జన్యువుల జాబితాను ఎక్సెల్‌లో తెరిస్తే 'సెప్ట్ 2' అనే జన్యువు పేరు సెప్టెంబర్ 2గా మారిపోతుంది. ఎక్సెల్‌లో జన్యువుల జాబితాలు జతచేసిన పేపర్లలో సుమారు ఐదో వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో 'జీనోమ్ బయాలజీ'లో వచ్చిన పరిశీలన తేల్చింది. చివరికి జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీ ఆ జన్యువుల పేర్లే మార్చాల్సి వచ్చింది. డేటా బయట ఉండబట్టే ఆ తప్పులు ఎవరో లెక్కపెట్టగలిగారు.

ఇక డబ్బు. 2023 నుంచి 'బయోఇన్ఫర్మాటిక్స్' పూర్తిగా ఓపెన్ యాక్సెస్ అయింది. చదివేవాళ్లకు ఉచితం, ప్రచురించుకునేవాళ్ల మీద ఫీజు. ఇలాంటి జర్నళ్లలో ఒక్క వ్యాసానికి రెండు లక్షల రూపాయలు దాటడం మామూలే. స్కాలర్‌కు వచ్చే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) మొత్తం నెలకు 37,000. పేద దేశాలకు ఇచ్చే పూర్తి మినహాయింపు జాబితాల్లో సాధారణంగా భారత్ ఉండదు. కేంద్రం 6,000 కోట్లతో తెచ్చిన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' ప్రధానంగా జర్నళ్లు చదువుకునే వీలు కల్పించింది, అది గొప్ప మేలే. రాష్ట్ర వర్సిటీలో చిన్న ల్యాబ్‌కు ప్రచురణ ఖర్చు మాత్రం ఇంకా కొండలాగే ఉంది. అలాంటివాళ్లు 'జర్నల్ ఆఫ్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్' వైపు చూడాలని నా సలహా. 2016 నుంచి నడుస్తోంది, ఫీజు లేదు, సమీక్ష అంతా కోడ్ పంచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్‌లో అందరి కళ్ల ముందే జరుగుతుంది. రివ్యూయర్ మీ సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టాల్ చేసి చూసి, ఎక్కడ ఆగిపోయిందో రాస్తారు. పేపర్ రాకపోయినా ఆ నేర్చుకున్నది మిగులుతుంది.

నాకు బాధ కలిగించేది మరొకటుంది. స్కాలర్ కష్టపడి సర్వర్ పెడతారు, పేపర్ వస్తుంది, డిగ్రీ పూర్తవుతుంది, ఉద్యోగానికి బెంగళూరో బోస్టనో వెళ్లిపోతారు. ల్యాబ్ మూలనున్న కంప్యూటర్ ఒకరోజు కరెంటు పోయి ఆగితే మళ్లీ ఆన్ చేసేవాళ్లుండరు. పేపర్లో లింక్ ఉంటుంది, నొక్కితే ఏమీ రాదు. ఆ తప్పు వెళ్లిపోయిన స్కాలర్ మీద వేయలేం. సాఫ్ట్‌వేర్‌ను పరిశోధన ఫలితంగా లెక్కలోకే తీసుకోని విభాగాలదే ఆ బాధ్యత. ప్రమోషన్‌కు పేపర్ల సంఖ్య లెక్కపెడతారు, పదేళ్లుగా నడుస్తున్న టూల్‌కు పాయింట్లు ఉండవు.

పీహెచ్‌డీకి పేపర్ తప్పనిసరి అన్న నిబంధనను యూజీసీ 2022 నవంబరులోనే తీసేసింది. వర్సిటీలు కావాలంటే సొంతంగా ఏ షరతైనా పెట్టుకోవచ్చు. పెట్టదలిస్తే పేపర్ల సంఖ్య బదులు ఇది పెట్టాలి: థీసిస్ ఇచ్చేనాటికి కోడ్ మొత్తం జెనోడో లాంటి ఆన్‌లైన్ నిల్వ కేంద్రంలో శాశ్వత నంబరుతో భద్రపరచాలి. సర్వర్ ఉంటే దాన్ని విభాగం పేరు మీదికి మార్చి, చూసుకునే సిబ్బంది ఎవరో రాసివ్వాలి. వైవాలో పరీక్షకుడు ఒక ఫలితాన్ని అక్కడికక్కడే మళ్లీ రాబట్టి చూడాలి. జెనోడోకు ఫీజు లేదు, ల్యాప్‌టాప్ ప్రతి గదిలో ఉంది. ఉస్మానియా, ఆంధ్రా, కాకతీయ, శ్రీ వేంకటేశ్వర వర్సిటీల అకడమిక్ కౌన్సిళ్లు ఈ తీర్మానం తదుపరి సమావేశంలోనే పెట్టొచ్చు.