నాలుగు జీబీ పాలెగాడికి తిట్ల జాబు

ఓయ్ నాలుగు జీబీ, ఒక్కో ఫైలు అంతకి మించకూడదనే హద్దూ,

గౌరవనీయులైన అని మొదలుపెడదామనుకుంటి గానీ మనసు రాలా. మా తిరపతిలో గంగజాతరప్పుడు సాక్షాత్తు అమ్మనే బూతులు తిడతాం, అది మొక్కు కింద లెక్క, ఆమెకే తప్పనప్పుడు నువ్వెంత.

మా చిన్నాయన ఈసారి జాతర మొత్తం కెమెరాలో పట్టినాడు. బైరాగి వేషం నుంచి విశ్వరూపం దాకా, అమ్మ వేషాలు మార్చుకుంటా దుర్మార్గుడు పాలెగాణ్ణి వెతికి చంపే కథంతా, మే నెల ఎండలో, నెత్తిన తడి టవలేసుకోని. ఇంటికొచ్చి కార్డు నా చేతిలో పెట్టి "ఒరే, అంతా ఒకే వీడియోగా చేసియ్, పెన్‌డ్రైవ్‌లో ఏసుకోని టీవీలో చూస్తాం" అన్నాడు. దానికేముంది చిన్నాయనా, రేపు పొద్దునకి ఇస్తా అంటి. అప్పటికి నీ సంగతి తెలీదు.

కార్డు తెరిస్తే 14 ముక్కలు. ఆయన కెమెరా సెకనుకి 50 మెగాబిట్లు రాస్తాది, ఆ లెక్కన నీ కడుపు నిండేదానికి 11 నిమిషాలు చాలు. నిండంగానే తలుపేసి ఇంకో ఫైలు తెరుస్తావు, కొండపైన వైకుంఠం క్యూలో కంపార్ట్‌మెంట్ నిండితే గేటేసి వెనకున్నోళ్ళని పక్క దాంట్లోకి తోలినట్టు. ఆడైనా కుటుంబాన్ని విడదీయకుండా రవ్వంత చూస్తారప్పా. నువ్వు చూడవు. దొరవేషంలో అమ్మ పాలెగాడి మీదికి కత్తి ఎత్తేది ఏడో ఫైలు, తల తెగేది ఎనిమిదో ఫైలు.

నీ పుట్టుపూర్వోత్తరాలు తీసినాలే. డిస్కులో ఫైళ్ళు సర్దిపెట్టే ఫ్యాట్32 అనే పద్ధతితో 1996లో దిగినావు. ఫైలు సైజు రాసుకునేదానికి నీ చిట్టాలో 32 బిట్ల గడి ఒక్కటే పెట్టుకున్యావు, దాంట్లో పట్టే పెద్ద అంకె 429 కోట్ల 49 లక్షల 67 వేల 295. అన్ని బైట్ల దాకా సరే, దానిపైన ఒక్క బైటు ఎక్కువైనా కుదరదంటావు. హార్డ్ డిస్కులే ఒకటి రెండు జీబీలుండే ఆ కాలంలో అది సముద్రమంత అనిపించి ఉంటాది, తప్పు పట్టను. 2006లో ఈ హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్ అనే కొత్త పద్ధతి వచ్చింది గదా, అప్పుడన్నా మర్యాదగా రిటైర్ అయి ఇంట్లో కూర్చోవాల. కూర్చున్యావా? కార్డు ఎక్స్‌ఫ్యాట్‌ది అయినా సరే, పాత అలవాటు పోక ఇంకా నీ లెక్కకే ముక్కలు కోసే కెమెరాలు ఉండాయి.

సరే, అతికించేదానికి కూర్చుంటి. డీవీడీల కాలంలో కమాండ్ ప్రాంప్ట్‌లో కాపీ స్లాష్ బీ అని కొడితే వీఓబీ అనే డీవీడీ వీడియో ఫైళ్ళు జిగురేసినట్టు అతుక్కునేవి, ఆ పొగరుతో ఈ కెమెరా ఎంపీ4 ఫైళ్ళకీ అదే కొట్టినా. సైజు చూస్తే 50 జీబీ పైన వచ్చింది, ఆహా అనుకోని ప్లే చేస్తే 11 నిమిషాలకి ఐపోయింది! ఎంపీ4లో ప్రతి ముక్కకీ లోపల దాని సొంత విషయసూచిక ఉంటాదంట, ప్లేయర్ మొదటి దాని సూచిక చదివి ఇంతే గాబోలు అనుకోని లేచి పోతాది, వెనక 13 మంది నిలబడుకోని ఉండారని దానికి తెలీనే తెలీదు.

తర్వాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. ఉన్నదున్నట్టు అతికించరా నాయనా అంటే అది మొత్తం విప్పి, ఫ్రేము ఫ్రేము మళ్ళా వండి, మళ్ళా కట్టి ఇస్తాదంట. తొమ్మిది గంటలు అని చూపించింది. ల్యాప్‌టాప్ కింద రెండు ఇటికలు పెట్టి టేబుల్ ఫ్యాన్ తిప్పి, రాత్రంతా చంటిబిడ్డకి జరమొచ్చినట్టు కాపలా కాస్తి. తెల్లారి మూడుకి 96 శాతం కాడ కరెంటు పోయింది. బ్యాటరీ అంటావా, అది పోయి రెండేండ్లాయ. మళ్ళా మొదట్నుంచి చేస్తే, ఫ్రీ ట్రయల్ గదా, అమ్మ మొహమ్మీద అడ్డంగా కంపెనీ పేరు అచ్చయి వచ్చింది. చిన్నమ్మ చూసి "ఇదేం వేషంరా" అనింది.

ఆఖరికి ఒక ఫ్రెండు ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్ గురించి చెప్పినాడు. ఫాబ్రిస్ బెల్లార్డ్ అనే ఫ్రాన్స్ ఆయన 2000లో మొదలుపెట్టింది, రూపాయి ఖర్చు లేదు. నోట్‌ప్యాడ్‌లో ఫైళ్ళ పేర్లు వరసగా రాసి, మళ్ళా వండకుండా ఉన్నది ఉన్నట్టు కాపీ చెయ్యమంటే పావుగంటలో పనైపోతాది, కాకపోతే ఆ 50 జీబీకి ఇంకో 50 జీబీ ఖాళీ ఉండాల, దానికి బామ్మర్ది హార్డ్ డిస్క్ అడుక్కొస్తి. లిస్టు చేత్తో రాసేదానికి బద్ధకమేసి కంప్యూటర్‌నే రాయమంటి. అది ఒకటి తర్వాత పది రాసింది, పదకొండు, పన్నెండు, పద్నాలుగు దాకా పోయి అప్పుడు రెండుకొచ్చింది. చూసుకోకుండా అతికిస్తి. దాంట్లో ఏమైందంటే, పాలెగాడు ఇంకా నిక్షేపంగా బతికుండంగానే మాతంగి వేషంలో అమ్మ పోయి వాడి పెండ్లాన్ని ఓదారుస్తా ఉండాది, విశ్వరూపం మట్టిబొమ్మ చెంపలోని మట్టికి జనం ఎగబడేది కూడా ఐపోయి, అప్పుడు తీరిగ్గా బైరాగి వేషంలో వాణ్ణి వెతికేదానికి బయలుదేరింది. 01, 02 అని పేర్లు మార్చి మళ్ళా చేస్తి. మధ్యలో మా అల్లుడు ఫోన్లో తీసిన ముక్కొకటి దూర్చినా, ఆడినుంచి పలకల మోత ముందు, కొట్టే చెయ్యి తర్వాత. అన్ని ముక్కల్లో బొమ్మ సైజు ఒకటే ఉండాల, వీడియోని కుదించే పద్ధతి, అదే కోడెక్, అదీ ఒకటే ఉండాలంట. ఆ ముక్క తీసేసి మూడోసారి.

వచ్చింది. ఒకే ఫైలు, కత్తి లేచింది, తల పడింది, మధ్యలో అతుకు కూడా కనపళ్ళా. నాకే కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. మా ఊళ్ళోనే బైరాగిపట్టెడ నుంచి 64 జీబీ కొత్త పెన్‌డ్రైవ్ ఎత్తుకోని పరిగెత్తి పోయి కాపీ కొడితే, ఈ ఫైలు మరీ పెద్దది, ఇందులో పట్టదు అనింది.

పెన్‌డ్రైవ్ తాళం నీ చేతిలో ఉండాది, అదీ ఫ్యాట్32దే! 64 జీబీ ఖాళీ పెట్టుకోని 50 జీబీకి చోటు లేదంటావు, అంతకన్నా పెద్ద అబద్ధం నేను యాడా వినలా. ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చి టీవీకి గుచ్చితే, ఆ టీవీ 2012లో కొన్నది, నువ్వు తప్ప ఇంకెవరూ తెలీదంట దానికి, పెన్‌డ్రైవే లేదనింది.

చిన్నాయన కుర్చీలో వెనక్కి వాలి అడిగినాడు, "ఒరే, మరి కార్డులో ముందే ముక్కలుండె గదా, అవి ఏస్తే ఆడవా?"

ఆడినాయి. పెన్‌డ్రైవ్‌ని మళ్ళా నీకే అప్పజెప్పి 14 ముక్కలూ ఏస్తి, ఇంటిల్లిపాదీ చాపేసుకోని కూర్చున్యారు. రిమోట్ చిన్నమ్మ చేతిలో. ఏడో ముక్క చివర అమ్మ కత్తి పైకి లేచింది, పలకలు అదరగొడతా ఉండాయి, అంతే, తెర నల్లగైంది.

"రేయ్, నెక్స్ట్ ఏ బటనురా?"

ఇట్లు,
14 ముక్కలోడు,
తిరపతి