పక్కింటాయనకి పడ్డ మందు నాకెందుకు పడదు?

ఈ మధ్య డాక్టర్లకి ఒక చెడ్డ అలవాటు ముదిరింది, "మీకు ఈ మందు వద్దండీ" అనడం. ఫీజు కట్టించుకుని, బీపీ చూసి, రిపోర్టులన్నీ తిరగేసి చివరికి వద్దు అని చెప్పడానికా మనం అంతసేపు టోకెన్ పట్టుకుని కూర్చున్నది? పక్కింటాయన అదే మోకాలినొప్పికి ఇబుప్రొఫెన్ మింగి మెట్లు దబదబా ఎక్కేస్తుంటే నాకు మాత్రం క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) ఎంత, అల్సర్ ఉందా అని ఎంక్వైరీలు. ఆ మందు కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తుందట, బాగున్న కిడ్నీ తట్టుకుంటుంది గానీ ఇప్పటికే దెబ్బతిన్నది తట్టుకోదట. సమానత్వం అనేది ఒకటి ఏడ్చింది కదండీ.

మందు డబ్బాలో కాగితం ఒకటి వస్తుంది, మడతలు విప్పితే దుప్పటంత, మళ్ళీ మడవడం ఎవరి తరమూ కాదు. అందులో ఎవరెవరు వాడకూడదో రాసుంటుంది. ఆస్తమా ఉన్నవాళ్ళకి ప్రొప్రనొలాల్ అనే బీపీ మాత్ర వద్దు, వైరల్ జ్వరమొచ్చిన పిల్లలకి ఆస్పిరిన్ వద్దు, ఛాతీనొప్పికి నాలుక కింద నైట్రేట్ పెట్టుకునేవాళ్ళు సిల్డెనాఫిల్, అదేనండీ వయాగ్రా, జోలికి పోవద్దు, బీపీ ఢమాల్‌మంటుంది. ఈ ఆఖరిది మాత్రం మనం చెప్పి చావం. ఎమర్జెన్సీలో డాక్టర్ "రాత్రి ఏమైనా వేసుకున్నారా" అని అడిగితే, పక్కన ఆవిడ నిలబడి ఉండగా, "విటమిన్ టాబ్లెట్ సార్" అంటాం. పరువు ముందు బీపీ ఎంత!

అసలు ఈ వద్దనే జబ్బు పాతదే. 1957లో జర్మనీలో థాలిడోమైడ్ అని నిద్రమాత్ర వచ్చింది, చీటీ కూడా అడక్కుండా అమ్మారు, గర్భిణులు వేవిళ్ళకి వేసుకున్నారు, కస్టమర్లు హ్యాపీ. అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏలో ఫ్రాన్సెస్ కెల్సీ అని ఒకావిడ మాత్రం 1960లో ఫైలు పట్టుకుని ఆధారాలు చాలవు, ఇంకా తెండి అంటూ కదలనివ్వలేదు, కంపెనీ ఎంత ఒత్తిడి చేసినా అంతే. 1961లో మందు వెనక్కి తీసుకునేసరికి పలు దేశాల్లో కలిపి కాళ్ళూచేతులూ సరిగా రాకుండా పుట్టిన పిల్లలు వేలల్లో ఉన్నారు. మరుసటి ఏడాది ప్రెసిడెంట్ కెనెడీ ఆవిడకి మెడల్ వేశాడు, ఫైలు ఆపినందుకు! ఇంకో విడ్డూరం, అదే మందుని ఇప్పుడు మైలోమా అనే క్యాన్సర్‌కి ఇస్తున్నారు, గర్భిణులకి మాత్రం ససేమిరా వద్దంటూ. అంటే మందు మంచిదో చెడ్డదో కాదట, ఎవరు మింగుతున్నారన్నదట లెక్క. ఇలాంటి మెలికలు పేషెంట్‌కి ఎందుకు చెప్పండి?

అందుకే నేను డాక్టర్‌ని మార్చేశాను. కొత్తాయనకి పాత రిపోర్టులు చూపించలేదు, ఇక ఎలా వద్దంటాడో చూస్తా.